దయచేసి ఓపిక అనకండి

మా ఇంటికొచ్చి బల్ల మీదున్న ఇత్తడి రైలింజను బొమ్మని చూసిన ప్రతివాళ్ళూ మొదట అనే మాట ఒకటే. "అబ్బ, ఎంత ఓపికండీ మీకు!" మా అమ్మయితే తెనాలి నుంచి వీడియో కాల్‌లో, "ఒరేయ్, నీకింత ఓపిక ఎప్పుడొచ్చిందిరా, చిన్నప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరమంటే గోడ దూకి పారిపోయేవాడివి" అంది. ఈ ఓపిక మాట వినిపించినప్పుడల్లా వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు కూడా వినిపిస్తుంది. తనకి నిజం తెలుసు. సిగ్నల్ దగ్గర ముందు కారు రెండు సెకన్లు ఆలస్యంగా కదిలితే స్టీరింగు మీద దరువేసే మనిషిని నేను. మా బాత్రూమ్ కుళాయి ఎనిమిది నెలలుగా కారుతూనే ఉంది.

మర్యాదకి అంటారని తెలుసు. ఇంత డబ్బు, ఇన్ని ఆదివారాలు ఈ బొమ్మకి తగలేశావా అని మొహం మీద అనలేక ఓపిక అంటారని కూడా తెలుసు. దానికి బాధ లేదు. నా గొడవల్లా ఏమిటంటే, ఆ మాటని ఒకప్పుడు నేను కూడా నమ్మాను. లోహపు కిట్టు నుంచి ఆవిరి ఇంజను కట్టాలంటే కావలసింది ఓపికేనని నమ్మి మొదటి ఏడాది మొత్తం నాశనం చేసుకున్నాను.

నేనుండేది ఇంగ్లండులో, స్విండన్‌లో. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వాళ్ళు 1843లో ఇక్కడ మొదలుపెట్టిన ఇంజన్ల కర్మాగారం 1986లో మూతపడింది. ఆ పాత షెడ్లలో ఇప్పుడు ఒక పక్క రైల్వే మ్యూజియం, ఇంకో పక్క బ్రాండెడ్ బట్టలు డిస్కౌంటులో అమ్మే షాపులు. శనివారం మా ఆవిడ ఆ పక్కకి, నేను ఈ పక్కకి. ఈ పిచ్చి అలా పట్టుకుంది.

కిట్టు అంటే చాలామంది ప్లాస్టిక్ ముక్కలు జిగురుతో అంటించే విమానం బొమ్మ అనుకుంటారు. ఇది వేరు. డబ్బా తెరిస్తే ఇంజను పోలికలున్న వస్తువు ఒక్కటీ కనిపించదు. రెండు మూడు పల్చటి రేకులు ఉంటాయి, కొన్ని ఇత్తడివి, కొన్ని జర్మన్ సిల్వర్‌వి. (అవును, మన పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణెల జర్మన్ సిల్వరే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, వెండి పేరులో తప్ప ఎక్కడా లేదు.) రేకు మీద బొమ్మ ప్రింటు చేసి ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ద్రావణంలో ముంచితే, అక్కర్లేని చోటల్లా అది లోహాన్ని తినేస్తుంది. మిగిలిన ముక్కలు సన్నటి తోకలతో చట్రానికి వేలాడుతుంటాయి. మడత పెట్టాల్సిన చోట లోహం సగం మందమే తినబడి ఒక గీతలా ఉంటుంది, ఆ గీత మడతకి లోపలివైపు రావాలి. నేను మొదటి ముక్కనే బయటివైపుకి మడిచాను. ఆ రేకులు కాక సీసంలా బరువుగా ఉండే వైట్‌మెటల్ పోత ముక్కలు, అంటే పొగగొట్టం, డోము (బాయిలరు మీది గుండ్రటి బుడిపె), బఫర్లు (పెట్టెలు తగిలినప్పుడు దెబ్బ కాచుకునే గుండీలు), ఒక సంచిలో ఉంటాయి. మోటారు, గేరుబాక్సు, చక్రాలు మాత్రం ఉండవు, విడిగా కొనుక్కోవాలి. ఆ సంగతి డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను ఇంటికొచ్చాక చదివాను.

నేను ఎంచుకున్నది గ్రేట్ వెస్టర్న్ 5700 తరగతి పానియర్ ట్యాంక్ ఇంజను. 1929 నుంచి 1950 దాకా 863 ఇంజన్లు కట్టారు, అందుకని ఈ దేశంలో రైలు పిచ్చి ఉన్నవాళ్ళలో దీన్ని గుర్తుపట్టని మనిషి ఉండడు. గాడిద వీపు మీద రెండు పక్కలా మూటలు వేలాడినట్టు బాయిలరుకి అటొకటి ఇటొకటి నీళ్ళ ట్యాంకులుంటాయి, అవి కిందిదాకా ఆనవు. దానికి కారణముంది. అంతకుముందు జీను లాగా బాయిలరు మీంచి వంచిన ట్యాంకులు వేసేవారు. తర్వాత పైభాగం నలుచదరంగా ఉండే బెల్పేర్ ఫైర్‌బాక్సు (బొగ్గు మండే పెట్టె) వచ్చాక దాని మీద ఆ వంపు సరిగా కూర్చోలేదు, దాంతో ట్యాంకుని రెండు ముక్కలు చేసి పక్కలకి తగిలించారు. కింద ఖాళీ ఉండటం వల్ల లోపలి యంత్రాలకి నూనె వెయ్యడం కూడా సులువైంది.

మన డబ్ల్యూపీ ఎందుకు చెయ్యలేదని తెలుగు మిత్రులు అడుగుతారు, ముందు బుల్లెట్టు మూతి, మధ్యలో నక్షత్రం, చిన్నప్పుడు తెనాలి ప్లాట్‌ఫారం మీద నోరు తెరుచుకుని చూసిన ఆ ఇంజను. చెయ్యాలనే ఉంది. కానీ దానికి సిలిండర్లు బయట, వాటితోపాటు కదిలే కడ్డీలు, లింకులు అన్నీ బయటే. మొదటి కిట్టుకే అది పెట్టుకుంటే ఈత రాకుండా కృష్ణలో దూకినట్టే. పానియర్‌కి సిలిండర్లు లోపల దాక్కుంటాయి, బయట కనిపించేది చక్రాలను కలిపే కడ్డీ ఒక్కటే.

ఇక మొదటి ఏడాది. స్కేలు ఒక అడుగుకి నాలుగు మిల్లీమీటర్లు, అంటే అసలు దానిలో 76వ వంతు. నాలుగడుగుల ఏడున్నర అంగుళాల చక్రం నా బల్ల మీద పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇంత చిన్న పనికి చిన్న సోల్డరింగ్ ఐరనే కావాలి కదా అని పాతిక వాట్లది కొన్నాను. ముందుగా ఇంజను అడుగు పలక, అరచేయంత పొడుగున్న రేకు, దాని అంచుకి సన్నటి పట్టీ అతకాలి. ఐరన్ ఆనించాను. టంకం కరగలేదు. ఓపిగ్గా ఉన్నాను. అరనిమిషం అయింది, నిమిషం అయింది. చివరికి టంకం కరిగింది గానీ అతుక్కోలేదు, ఉండలు కట్టి బూడిదరంగులో పెంకులా నిలిచింది. ఇంకా ఓపిగ్గా, ఇంకాస్త ఎక్కువసేపు ఆనించాను. వారం తర్వాత ఆ పలకని బల్ల మీద పెడితే వేయించిన అప్పడంలా నాలుగు మూలలా లేచి ఉంది.

ఏమైందో ఇప్పుడు తెలుసు. ఇత్తడి వేడిని ఒకచోట నిలవనివ్వదు, పలక అంతటికీ లాక్కుపోతుంది. ఐరన్ చిన్నదైతే మనం ఇచ్చే వేడి కన్నా రేకు లాక్కుపోయేదే ఎక్కువ, అతుకు దగ్గర టంకం కరిగే వేడి రాదు. వచ్చేదాకా కాచుక్కూర్చుంటే ఈలోగా పలక మొత్తం కాగి సాగుతుంది, చల్లారేటప్పుడు వంకర తిరుగుతుంది. అతుకుని శుభ్రంగా ఉంచాల్సిన ఫ్లక్స్ అప్పటికే ఆవిరైపోయి ఉంటుంది. నేను ఎంత ఓపిక పడితే అంత పాడైంది.

ఇక్కడి మోడల్ రైల్వే క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరైన ఫిట్టరు, ఎక్కువ మాట్లాడడు. నా అప్పడం చూసి, నా ఐరన్ పక్కకి నెట్టి, తన డెబ్భై అయిదు వాట్లది తీశాడు. దాని ములికి మా వంటింటి చాకు వెడల్పుంది. అతుకు మీద ఫ్లక్స్ ఒక చుక్క రాసి, ములికి చివర టంకం కొంచెం తీసుకుని ఆనించాడు. బుస్సుమంది, టంకం నీళ్ళలా సందులోకి పాకిపోయింది, ఆయన చెయ్యి అప్పటికే వెనక్కి వచ్చేసింది. రెండు సెకన్లు పట్టి ఉంటుంది. పలక రెండో చివర వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు.

ఆ బుస్సుమనే చప్పుడు, దానితోపాటు వచ్చిన పొగ వాసన వింటూ పీలుస్తూ ఉంటే నాకు మా వీధి గుర్తొచ్చింది. ఏడాదికోసారి కళాయివాడు వచ్చేవాడు. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తి కట్టి, ఇత్తడి గిన్నెని బోర్లా పెట్టి కాల్చేవాడు. గిన్నె రంగు చూసి ఒక్కసారి పట్టకారుతో తిప్పి, లోపల నవాసాగరం చల్లి, తగరం ముక్క అలా తాకించి, గుడ్డతో గిర్రున తుడిచేవాడు. తెల్లటి పొగ లేచేది, నల్లటి గిన్నె అద్దమైపోయేది. మా నాయనమ్మ గంగాళం లోపల కళాయి పూర్తి కావడానికి నేను అరటిపండు తినేంత సమయం కూడా పట్టేది కాదు. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము కక్కుతుంది కాబట్టి ఆ పని ఎవరింట్లోనూ తప్పేది కాదు. ఇన్నేళ్ళలో ఎవరైనా అతన్ని "ఎంత ఓపికయ్యా నీకు" అన్నారా? అనలేదు. పనివాడన్నారు, చెయ్యి తిరిగినవాడన్నారు. గిన్నె ఎప్పుడు కాగిందో కంటితో చూసి చెప్పగలగడం, కాగిన తర్వాత అర క్షణం కూడా ఆగకపోవడం, అతని విద్యంతా అదే.

ఇంజను పనిలో సగం అచ్చంగా కళాయే. వైట్‌మెటల్ పొగగొట్టాన్ని ఇత్తడి బాయిలరుకి అతకాలంటే మామూలు టంకం పనికిరాదు. అది 180 డిగ్రీలు దాటితే గానీ కరగదు, పోత ముక్క కూడా ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే కరిగిపోతుంది. నా మొదటి డోము అలాగే పోయింది, ఐరన్ తగలగానే పాదరసంలా జారి చొక్కా మీద పడింది. అందుకని 70 డిగ్రీలకే కరిగే టంకం వాడతారు. కానీ ఆ టంకం ఇత్తడిని పట్టుకోదు, మళ్ళీ అదో చిక్కు. కాబట్టి ఇత్తడి మీద ముందు మామూలు టంకంతో కళాయి పూసి, చల్లారాక, ఐరన్ వేడి తగ్గించి, ఆ కళాయి మీద చల్లటి టంకంతో పోత ముక్కని అతకాలి. ఇది అర్థమైన రోజు మా అమ్మకి ఫోన్ చేసి కళాయివాడి గురించి అరగంట అడిగాను. ఆవిడ నాకు ఒంట్లో బాగాలేదనుకుంది.

చిలుము కూడా వచ్చింది. ఫ్లక్స్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, పని అయిన రోజే కడిగెయ్యాలి. ఒకసారి బద్ధకించి వారం వదిలేస్తే అతుకుల వెంట పచ్చగా పూసింది. మార్కెట్లో దానికేవో క్లీనర్లున్నాయి. నేను చింతపండు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాను. క్లబ్బులో ఈ రహస్యం చెప్తే ఒకాయన నిజంగానే ఇండియన్ షాపులో చింతపండు కొనుక్కెళ్ళాడు.

బాయిలరు గొట్టంలా చుట్టడానికి మా ఇంటి అప్పడాల కర్ర వాడిన విషయం ఇక్కడ రాయకూడదు, కానీ రాశాను.

కొందరు దీన్ని ఇంకో రకంగా పొగుడుతారు. "మెడిటేషన్ లాంటిది కదా, ఆఫీసు టెన్షన్ అంతా పోతుంది" అంటారు. ఎవరి అనుభవమో నాకు తెలియదు. బల్ల ముందు నేను ప్రశాంతంగా కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తులేదు. ఆఫీసులో తప్పు కోడ్ రాస్తే వెనక్కి తీసుకోవడానికి ఒక బటన్ ఉంది. ఇక్కడ ముక్క కిందపడి కార్పెట్‌లో కలిసిపోతే మోకాళ్ళ మీద పాకుతూ టార్చి వేసి వెతకాలి. అతుకు వంకరపోతే తిట్టుకుంటూ వేడి చేసి ఊడదియ్యాలి. అయినా ఒకటి ఒప్పుకోవాలి, ఊడదియ్యడానికి వీలుంటుంది. జిగురుతో అంటించినదాన్ని విరిచితే ముక్క విరుగుతుంది, టంకంతో అతికినదాన్ని మళ్ళీ కాగబెడితే ముక్కలు చెక్కుచెదరకుండా విడిపోతాయి. 70 డిగ్రీల అతుకులకైతే ఐరన్ కూడా అక్కర్లేదు, గిన్నెలో పెట్టి మరిగే నీళ్ళు పోస్తే చాలు. ఒక రాత్రి నేను కోపంలో బాయిలరు మొత్తాన్ని అలాగే చేశాను. పొగగొట్టం, డోము, విజిళ్ళు టపటపా గిన్నె అడుక్కి రాలాయి. అన్నీ ఏరి మళ్ళీ మొదలుపెట్టాను, రెండోసారి ఒక్క సాయంత్రంలో అయిపోయింది. మొదటిసారి అదే పనికి నెల పట్టింది.

ఓపిక పెడతానని కూర్చున్నవాడు ఊడదియ్యడు, నా అనుభవం ఇది. ఇంత కష్టపడ్డాం కదా, ఎలాగోలా సర్దుదాం అని ఆకురాయితో అరగదీస్తాడు, సందులో పూత పూస్తాడు, రంగు వేశాక కనపడదులే అనుకుంటాడు. కిట్టుకి కావలసింది పడ్డ కష్టం మీద జాలి లేనివాడు.

దాంతోపాటు అనుమానం కూడా ఉండాలి. కిట్టుతో వచ్చిన సూచనలు నాలుగు పేజీలు, అందులో "ఇప్పుడు క్యాబ్ అమర్చండి" అనేది ఒక పూర్తి పేరా (క్యాబ్ అంటే డ్రైవరు నిలబడే గది). క్యాబ్ ముక్కలు మాత్రం రేకు మీద రెండు జతలున్నాయి. ఏ జత వాడాలో రాయలేదు. ఇదేదో నా తెలివితో తేల్చేద్దామని స్విండన్‌కి దగ్గరే కదా అని డిడ్‌కాట్ రైల్వే సెంటర్‌కి వెళ్ళి, అక్కడున్న 3738 నంబరు పానియర్‌ని అన్ని వైపుల నుంచీ రెండొందల ఫోటోలు తీసుకొచ్చాను. ఫోటోల ప్రకారం క్యాబ్ అతికాను. నాలుగు గోడలూ లంబంగా నిలబడ్డాయి, నాకే ముచ్చటేసింది. తర్వాత నంబరు ప్లేటు పెట్టబోతే అప్పుడు తట్టింది. నేను కొన్న ప్లేటు 5764. ఇదే తరగతిలో 1933లో వచ్చిన 8750 రకం నుంచి క్యాబ్ ఆకారం మార్చారు, కిటికీలు పెద్దవి చేశారు. 3738 ఆ తర్వాతి రకం. 5764 మొదటి రకం, దాని ముందు కిటికీలు గుండ్రంగా ఉంటాయి. రెండొందల ఫోటోలు ఎంతో ఓపికతో తీశాను, ఒక్కసారి కూడా ఇది అదేనా అని అనుమానపడలేదు. అసలు 5764 సెవర్న్ వ్యాలీ రైల్వే దగ్గర భద్రంగా ఉంది. నేను వెళ్ళాల్సింది అక్కడికి.

క్యాబ్ ఊడదీశాను. ఇందాక చెప్పాను కదా, జాలి ఉండకూడదు.

ఛాసీ, అంటే చక్రాలు కూర్చునే అడుగు చట్రం దగ్గరికొచ్చేసరికి ఈ అనుమానమే కాపాడింది. మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానం కావు, అసలు ఇంజనులో ఏడడుగుల మూడంగుళాలు, ఎనిమిదడుగుల మూడంగుళాలు. నాకైతే 29, 33 మిల్లీమీటర్లు. ఛాసీలో బెజ్జాల మధ్య దూరం, కడ్డీలో బెజ్జాల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇంజను కుంటుతుంది. అందుకని కడ్డీనే కొలబద్దగా పెట్టి ఇరుసుల బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు) అతకాలి, కొలతల కాగితాన్ని నమ్మకూడదు. ఆ తర్వాత ఒక పక్క చక్రాలకి కడ్డీ తగిలించే పిన్నులు రెండో పక్కవాటికి 90 డిగ్రీల తేడాలో ఉండాలి, మూడు ఇరుసుల మీదా ఒకే తేడా. అన్నీ చేశాక కూడా నాది ప్రతి చుట్టుకీ ఒకచోట "టక్" మనేది. అప్పుడు మోటారు తీసేసి, ఒక్కో కడ్డీ తీసి పెట్టి, చేత్తో తోస్తూ, ఏ జత మధ్య పట్టేస్తోందో దొంగని పట్టినట్టు పట్టాను. వెనక కుడి బెజ్జం. బెజ్జం కాస్త వెడల్పు చేసే బ్రోచ్ రెండుసార్లు తిప్పితే పోయింది.

గేజు సంగతి కూడా చెప్పెయ్యాలి, లేకపోతే తెలిసినవాళ్ళు ఊరుకోరు. ఈ స్కేలుకి పట్టాల మధ్య వెడల్పు 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, బ్రిటన్‌లో అందరూ వాడే ఓఓ గేజు 16.5. అంటే అసలు కొలతలో నాలుగడుగుల ఒకటిన్నర అంగుళం, నిజంగా చూస్తే ఇది న్యారో గేజు రైలు. తొలినాళ్ళ మోటార్లు చిన్న బ్రిటిష్ ఇంజన్లలో పట్టక, పట్టాలు అలాగే ఉంచి పైభాగం మాత్రం పెద్దది చెయ్యడం వల్ల వచ్చిన వికారం ఇది. 18.83తో చేసేవాళ్ళు గొప్పవాళ్ళే, కాదనను. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజు చూసి పెరిగిన కంటికి మాత్రం రెండూ ఇరుగ్గానే ఉంటాయి కాబట్టి నేను 16.5తో సరిపెట్టుకున్నాను.

ఇదే ఇంజను రెడీమేడ్‌గా దొరుకుతుంది, రంగులతో, నంబరుతో, డబ్బాలోంచి తీసి పట్టాల మీద పెడితే చాలు. చాలా బాగుంటుంది, నా దానికన్నా రివెట్లు తీరుగా ఉంటాయి. కిట్టు, మోటారు, చక్రాలు, పనిముట్లు, కరిగిపోయిన డోముకి బదులు కొన్న డోము, అన్నీ కలిపితే నాకు దానికి రెట్టింపు పైనే అయింది. కాబట్టి డబ్బు లెక్కలో ఈ పని సమర్థించలేను. పోలికలోనూ సమర్థించలేను. నాకు మిగిలింది ఒకటే. ఆ రెడీమేడ్ ఇంజను ఆగిపోతే ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఇది ఆగితే ఎక్కడ వేలు పెట్టాలో తెలుసు. ఎందుకంటే అక్కడ తప్పు చేసింది నేనే.

ఇప్పుడది క్లబ్బు పట్టాల మీద ఎనిమిది పెట్టెలు లాగుతోంది, ట్యాంకుల నిండా సీసం ముక్కలు కుక్కి బరువు పెంచాను. రంగు ఇంకా వెయ్యలేదు. గ్రేట్ వెస్టర్న్ ఆకుపచ్చే వెయ్యాలని మొదటి నుంచీ అనుకున్నాను గానీ 5764 కథ చదివాక మనసు మారింది. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు ఇలాంటివి పదమూడు కొని, మెరూన్ రంగు వేసి, మెట్రో పట్టాల పనులకి వాడుకున్నారు. బ్రిటిష్ రైల్వేస్ 1968 ఆగస్టులో ఆవిరికి సెలవు చెప్పేసినా ఇవి 1971 దాకా లండన్‌లో పొగ వదులుతూ తిరిగాయి. ఆ పదమూడులో 5764 ఒకటి, అక్కడ దాని నంబరు ఎల్95. మెరూన్ వేస్తే ఇంత గొడవకి కారణమైన ఆ 5764 ఇత్తడి ప్లేటు పెట్టడానికి లేదు. ప్లేటు డబ్బాలోనే ఉంది.

మొన్న అమ్మకి అది నడుస్తున్న వీడియో పంపాను. చూసి ఫోన్ చేసింది. ఓపిక మాట ఎత్తుతుందని ఎదురుచూశాను, ఎత్తలేదు. "లోపల కళాయి పూశావా?" అంది. పూశానన్నాను. వెనకాల బాత్రూమ్‌లో కుళాయి కారుతున్న చప్పుడు ఆవిడకి కూడా వినిపించినట్టుంది, ముందు అది చూడరా అని పెట్టేసింది.